నాలుగు మిల్లీమీటర్ల నేల: పాత మొజాయిక్ మీద సెల్ఫ్ లెవెలింగ్ పోయడం

"మేడమ్, బస్తా విప్పి నీళ్లు కలిపి పోస్తే దానంతట అదే చదునైపోతుందట కదా, మీకు మూడు రోజులెందుకు?" అని హైదరాబాద్ బర్కత్‌పురా నుంచి ఒక పెద్దాయన ఫోన్లో అడిగారు. అడగడంలో తప్పేం లేదు, బస్తా మీద పేరే 'సెల్ఫ్ లెవెలింగ్' అని ఉంది. పోసే పని నిజంగానే గంటలో అయిపోతుంది. మిగతా రెండున్నర రోజులూ ఆ గంట కోసమే.

నేను సివిల్ డిప్లొమా చదివి, పదేళ్లు టైల్స్ పనులు చేయించి, ఆ తర్వాత ఈ పల్చటి పూతల పనిలోకి వచ్చాను. నలుగురు మనుషులతో చిన్న టీమ్. వాళ్లు నన్ను అక్కా అంటారు. కస్టమర్లు మేడమ్ అంటారు, లోపలికి వచ్చాక "సారెప్పుడొస్తారు?" అని కూడా అడుగుతారు. ఆ బర్కత్‌పురా ఫ్లాటు పని ఎలా చేశామో వరసగా చెబుతాను. మధ్యమధ్యలో నేను చెడగొట్టిన పనులు కూడా వస్తాయి, ఎందుకంటే నేర్చుకున్నది ఎక్కువ వాటి దగ్గరే.

ఫ్లాటు ముప్ఫై ఏళ్ల నాటిది. హాలు 200 చదరపు అడుగులు, బెడ్‌రూమ్ 120. మొజాయిక్ నేల. ఇంటావిడకి మోకాళ్ల నొప్పులు, చలికాలం నేల మీద కాలు పెట్టలేకపోతున్నారు, అందుకని వినైల్ పలకలు వేయిద్దామని పిల్లల ఆలోచన. వినైల్ పలక మందం 5 మి.మీ. మాత్రమే. కింద గుంత ఉంటే పైన గుంత, కింద గడ్డ ఉంటే పైన గడ్డ. నాలుగు నెలలు తిరిగేసరికి ఆ గుంతల దగ్గరే పలకల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే లాకులు విరుగుతాయి. మొజాయిక్ తవ్వించాలంటే పది రోజుల దుమ్ము, కింది ఫ్లాటు వాళ్లతో గొడవ, అసోసియేషన్ పర్మిషన్. అందుకే దాని మీదే పల్చటి పూత.

మట్టం వేరు, చదును వేరు

మన పాత నేలలు ఒకవైపు వాలి ఉంటే ప్రతిసారీ మేస్త్రిని తిట్టుకోకండి. బకెట్లతో నీళ్లు గుమ్మరించి చీపురుతో ఇల్లు కడిగే రోజుల్లో కట్టిన ఇళ్లవి. నీళ్లు బాల్కనీ వైపో గుమ్మం వైపో పోవాలని కావాలనే వాలు పెట్టేవారు. బర్కత్‌పురా హాల్లో నీళ్ల ట్యూబ్ లెవెల్ పట్టి చూస్తే లోపలి గోడకీ బాల్కనీ గుమ్మానికీ 9 మి.మీ. తేడా ఉంది.

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. నేల మట్టంగా కావాలా, చదునుగా కావాలా? గోళీ పెడితే కదలకపోతే మట్టం. రెండు మీటర్ల అల్యూమినియం బద్ద ఎక్కడ ఆనించినా కింద సందు లేకపోతే చదును. వాలుగా ఉన్న నేల కూడా చదునుగా ఉండొచ్చు. వినైల్‌కి కావాల్సింది చదును. పూర్తి మట్టానికి తేవాలంటే పైచివర 3 మి.మీ., బాల్కనీ దగ్గర 12 మి.మీ. పోయాలి. అంటే సరుకు దాదాపు రెట్టింపు. పైగా నేను వాడే బస్తా ఒక విడతలో 10 మి.మీ. దాటి పోయకూడదంటుంది. బాల్కనీ గడప కూడా మునిగిపోతుంది. పెద్దాయనకి బద్ద పెట్టి చూపిస్తే ఒక్క నిమిషంలో అర్థమైంది. వాలు ఉండనిచ్చి ఎత్తుపల్లాలు తీసేద్దాం అనుకున్నాం.

తలుపుల సంగతి కూడా అప్పుడే చూడాలి. పూత 4, వినైల్ 5, మొత్తం 9 మి.మీ. నేల పైకి వస్తుంది. తలుపు కింద అంత ఖాళీ లేకపోతే పోయకముందే వడ్రంగిని పిలిపించండి. పోసిన మర్నాడు పిలిస్తే ఆయన తలుపు తీసి మీ కొత్త నేల మీదే పడుకోబెట్టి రంపం పెడతాడు.

కొలతలకి నేను మీటరుకొక చుక్క చాక్‌పీసుతో పెట్టి, ప్రతి చుక్క పక్కన ఎన్ని మిల్లీమీటర్ల పల్లమో నేల మీదే రాస్తాను. లేజర్ ఉంటే సుఖం. లేకపోతే నీళ్ల ట్యూబ్ చాలు, అది అబద్ధం చెప్పదు.

బస్తాలో ఏముంటుంది

మామూలు సిమెంటులో సన్న ఇసుక కలిపి పల్చగా 4 మి.మీ. పోస్తే ఏమవుతుందో ఎప్పుడైనా మేడ మీద ఒక మూల పోసి చూడండి. కింది నేల కొన్ని నీళ్లు పీల్చుకుంటుంది, పైన గాలి కొన్ని లాగేసుకుంటుంది, సిమెంటు గట్టిపడటానికి నీళ్లు చాలవు. ఎండలో పెట్టిన అప్పడంలా అంచులు పైకి లేచి, తడితే గుల్ల శబ్దం వస్తుంది. పల్చటి పూతకి ఉన్న కష్టమంతా ఇదే. అందుకే ఈ బస్తాలో ఒక సిమెంటు బదులు చాలావరకు మూడు రకాల బంధక పదార్థాలు ఉంటాయి. మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు, హై అల్యూమినా సిమెంటు, జిప్సం జాతికి చెందిన కాల్షియం సల్ఫేట్. ఈ మూడూ నీళ్లలో కలిస్తే ఎట్రింగైట్ అనే సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు పుడతాయి. వాటి ఫార్ములాలోనే 32 నీటి అణువులు ఉంటాయి. కలిపిన నీళ్లలో ఎక్కువ భాగాన్ని అవే తమలో కట్టేసుకుంటాయి కాబట్టి పూత మూడు నాలుగు గంటల్లో నడవడానికి వీలుగా గట్టిపడుతుంది. ఆ స్ఫటికాలు కాస్త ఉబ్బుతాయి కూడా, దాంతో కుంచించుకుపోవడం తగ్గుతుంది.

ఇంకా సన్న సిలికా ఇసుక, సున్నపురాయి పొడి, తక్కువ నీళ్లతోనే పారేలా చేసే సూపర్ ప్లాస్టిసైజర్, ఇసుక అడుక్కి దిగిపోకుండా పట్టే సెల్యులోజ్, నురగ తగ్గించే మందు. చివరిగా పాలిమర్ పొడి, ఎక్కువగా వినైల్ అసిటేట్, ఎథిలీన్ కలిసినది. దీన్ని పాలపొడి చేసినట్టే చేస్తారు. తెల్లటి ఎమల్షన్‌ని వేడి గాలిలోకి తుంపరగా చిమ్మితే నీళ్లు ఆవిరై పొడి రాలుతుంది. మనం మళ్లీ నీళ్లు పోయగానే పాలపొడి పాలైనట్టు అది మళ్లీ ఎమల్షన్ అవుతుంది. పూత ఆరుతున్నకొద్దీ ఆ కణాలు ఒకదానికొకటి అతుక్కుని, సిమెంటు స్ఫటికాల మధ్య సందుల్లోనూ కింది నేల మీదా సన్నటి పొరలా పరుచుకుంటాయి. పూత కింది నేలని వదలకుండా పట్టుకోవడానికీ, కాస్త వంగినా పగలకపోవడానికీ ఆ పొరే కారణం.

పాలతో పోలిక ఊరికే రాలేదు. ఒకప్పుడు ఈ సరుకు పారడానికి పాల నుంచి తీసిన కేసీనే కలిపేవారు. స్వీడన్‌లో అలా పోసిన నేలలు కింద తడి ఆరకముందే పైన మూసేస్తే కేసీన్ కుళ్లి ఇళ్లలో వాసనలు వచ్చాయి. తడి మీద మూత వేయకూడదనే పాఠం అప్పటిది, ఇప్పటికీ పనికొస్తుంది. మన వాళ్లు గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి గచ్చు చేసింది కూడా ఇలాంటి ఆలోచనతోనే. సున్నానికి లేని గుణాన్ని పక్కనుంచి అరువు తేవడం.

బస్తా కొనేటప్పుడు రెండు చూడండి. మొదటిది రకం. పైన వేరే ఫ్లోరింగ్ వచ్చేలా చేసేది ఒకటి, తనే పైపూతగా ఉండి అరుగుదల తట్టుకునేది ఇంకొకటి. ఇప్పుడు కొండాపూర్, నల్లగండ్ల వైపు కుర్రవాళ్లకి బూడిదరంగు సిమెంటు నేల మోజు పట్టింది. వాళ్లకి రెండో రకం కావాలి, దాని మీద సీలర్ కోటు కూడా కావాలి. మొదటి రకం పోసి అలాగే వదిలేస్తే కుర్చీ కాళ్ల కింద రజను రాలుతుంది. రెండోది తయారైన తేదీ. రాణిగంజ్‌లో కొన్నా, వీధి చివర షాపులో కొన్నా, ఆరు నెలలు దాటిన బస్తా నేను ముట్టుకోను. కొన్ని కంపెనీలు ఏడాది వరకు బాగుంటుందంటాయి. వాన చెమ్మ తగిలిన గోడౌన్‌కి ఆ మాట తెలియదు. బస్తా నొక్కితే గడ్డలు చేతికి తగిలితే అక్కడే వదిలేయండి.

ఎన్ని బస్తాలు? చదరపు మీటరుకి ఒక్కో మిల్లీమీటరు మందానికి సుమారు 1.7 కిలోల పొడి పడుతుంది. 320 చదరపు అడుగులంటే 30 చదరపు మీటర్లు. 30 ఇంటూ 4 ఇంటూ 1.7, మొత్తం 204 కిలోలు. 25 కిలోల బస్తాలు ఎనిమిదికి కొంచెం పైన. నేను పది తెప్పిస్తాను. విప్పని బస్తా షాపువాడు వెనక్కి తీసుకుంటాడు. గది మూలలో సరుకు అయిపోతే మాత్రం ఆ మూల మళ్లీ కలవదు.

నేలని సిద్ధం చేయడం

నా టైమ్ ఎక్కువ పోయేది ఇక్కడే. వినేవాళ్లకి బోరు కొట్టేదీ ఇదే.

ముందు తట్టి చూడాలి. కొబ్బరికాయ కొనేటప్పుడు తట్టినట్టు, చిన్న సుత్తితో అడుగడుక్కీ. ఖంగుమంటే సరే, గుల్లగా మోగితే కింద వదిలేసిందని అర్థం. ఆ ముక్క తీసేసి రిపేర్ మోర్టార్‌తో పూడ్చాలి. గుల్ల నేల మీద ఎంత మంచి పాలిమర్ పూత పోసినా అది గుల్లకి అతుక్కుని గుల్లతోపాటే లేచిపోతుంది. బర్కత్‌పురాలో అలాంటివి నాలుగు చోట్ల దొరికాయి. బాల్కనీ గుమ్మం దగ్గర రెండడుగుల మేర పల్లం కూడా అదే మోర్టార్‌తో ఒకరోజు ముందే ఎత్తాం.

తర్వాత తడి. ఒకటిన్నర అడుగు చదరపు ప్లాస్టిక్ షీటు నాలుగు వైపులా టేపు వేసి అంటించి కనీసం 16 గంటలు వదిలేయండి. విప్పినప్పుడు షీటు అడుగున నీటి చుక్కలు ఉన్నా, నేల ముదురు రంగుకి తిరిగినా కింద నుంచి తడి వస్తోందని. మూడో అంతస్తు ఫ్లాటులో ఇది మామూలుగా ఉండదు, బాత్‌రూమ్ పక్క గోడ దగ్గర తప్ప. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలో ఆగస్టు, సెప్టెంబరుల్లో చేసి చూడండి, చాలాచోట్ల చెమ్మ కనబడుతుంది. అలాంటి చోట తడిని ఆపే ఎపాక్సీ ప్రైమర్ లేకుండా నేను పని ఒప్పుకోను. మలక్‌పేట వైపు పాత ఇళ్లలో షాబాద్ బండలు మట్టి మీదే పరిచి ఉంటాయి, కాలు వేస్తే బండ కదులుతుంది. వాటి మీద అసలే ఒప్పుకోను.

ఇక గీకడం. మొజాయిక్ మీద ఏళ్లతరబడి పాలిష్ మైనం, ఫినాయిల్, వంటింటి నూనె పేరుకుని ఉంటాయి. దేవుడి మూల సంగతి మర్చిపోకండి. ముప్ఫై ఏళ్లు దీపం పెట్టిన చోట నూనె రాతిలోకి దిగి ఉంటుంది. పైన శుభ్రంగా తుడిచినట్టే కనబడుతుంది. ఆ ఇంట్లో నేను అక్కడ నీటి చుక్క వేసి చూశాను. చుక్క పాదరసంలా గుండ్రంగా నిలబడింది. డిటర్జెంటుతో రెండుసార్లు కడిగి, డైమండ్ కప్ వీల్‌తో గ్రైండ్ చేశాక చుక్క పరుచుకుని మెల్లగా ఇంకింది. ఈ నీటిచుక్క పరీక్ష గది మొత్తం చేయాలి, ఖర్చు ఏమీ లేదు. యాసిడ్ పోసి కడిగేద్దామని ఎవరైనా అంటే వద్దనండి. యాసిడ్ నూనెని తీయదు, పైగా తన ఉప్పుల్ని నేలలో వదిలిపోతుంది.

గ్రైండర్‌కి వ్యాక్యూమ్ తగిలించండి. వచ్చే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. నోటికి కర్చీఫ్ కట్టుకోవడం మాస్కు కాదు. మా వాళ్లకి ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

సన్న పగుళ్లని కాస్త వెడల్పు చేసి ఎపాక్సీతో నింపొచ్చు. బిల్డింగే రెండు భాగాలుగా కలిసే జాయింటు మాత్రం నింపకండి, పూతలో కూడా అదే లైన్‌లో జాయింటు వదలాలి. లేదంటే మొదటి ఎండాకాలమే అది తన గీత తానే గీసుకుంటుంది.

చివరగా రంధ్రాలు. ఈ సరుకు నీళ్లలా పారుతుంది, నీళ్లు దూరే ప్రతి సందులోకీ దూరుతుంది. కూకట్‌పల్లిలో ఒక బెడ్‌రూమ్‌లో గోడ మూల పాత కేబుల్ పైపు తెరిచి ఉన్న సంగతి నేను చూడలేదు. పోసిన కాసేపటికి ఆ మూలలో చిన్న సుడి కనబడింది. ఇంకాసేపటికి కింది ఫ్లాటు ఆవిడ పైకొచ్చి, "మా ఫాల్స్ సీలింగ్ లైట్లోంచి సిమెంటు కారుతోంది" అన్నారు. ఆ సీలింగ్ ఖర్చు నాదే. అప్పటినుంచి గోడల చుట్టూ, పిల్లర్ల చుట్టూ 5 మి.మీ. ఫోమ్ పట్టీ అంటించి, గుమ్మాల దగ్గర అడ్డు కట్టి, ప్రతి మూలా టార్చి వేసి చూస్తాను. ఫోమ్ పట్టీకి ఇంకో పని కూడా ఉంది. పూత గోడకి బిగుసుకోకుండా కదలడానికి చోటిస్తుంది.

ప్రైమర్

ప్రైమర్ లేకుండా పోస్తే కింది నేల పూతలోని నీళ్లు పీల్చుకుంటుంది, దాని రంధ్రాల్లో ఉన్న గాలి బుడగలుగా పైకి వస్తుంది. పెనం మీద దోసెకి చిల్లులు పడ్డట్టు పడతాయి. దోసెకి అది అందం, నేలకి కాదు. సిమెంటు గచ్చు లాంటి పీల్చే నేలకి యాక్రిలిక్ ప్రైమర్ రెండు కోట్లు, మొదటిది నీళ్లు కలిపి పల్చగా, డబ్బా మీద చెప్పిన పాళ్లలో. మొజాయిక్, టైల్స్ లాంటి నునుపు నేలకి ఇసుక కలిసిన గరుకు ప్రైమర్. ఆరాక చేత్తో రాస్తే గరుకు కాగితంలా తగలాలి. ఎక్కడా తెల్లగా మడుగు కట్టకూడదు. మడుగు ఆరితే పైన తోలు, లోపల మెత్తదనం. చెక్కలు అతికించే తెల్ల జిగురు నీళ్లలో కలిపి పూసే మేస్త్రులు ఉన్నారు. అది తడి తగిలితే మళ్లీ కరుగుతుంది, మనం పోసేదేమో తడి. ప్రైమర్ ఆరిన రోజే, మహా అయితే మర్నాడు పోసేయాలి. వారం వదిలేస్తే దాని మీద దుమ్ము చేరి మళ్లీ మొదటికొస్తుంది.

నీళ్లు

నేను మణికొండలో ఒక హాలు పాడుచేశాను. మే నెల, పొద్దున్నే మొదలుపెట్టాల్సింది లిఫ్టు పాడై పదకొండయింది. బకెట్‌లో సరుకు చిక్కబడుతోంది. "అక్కా, అర లీటరు పోద్దామా, నున్నగ పారుతది" అన్నాడు మా మిక్సింగ్ అతను. నేను తలూపాను. నిజంగానే నున్నగా పారింది. అంత అందంగా పారిన నేల నేను అంతకుముందు చూడలేదు. ఇంటివాళ్లు ఫోటోలు కూడా తీసుకున్నారు. ఆరు వారాల తర్వాత వినైల్ పలకలు లేవడం మొదలైంది. ఒక పలక తిప్పి చూస్తే జిగురు బాగానే ఉంది, జిగురుకి అంటుకుని తెల్లటి సుద్ద పొర వచ్చింది. నీళ్లు ఎక్కువైతే ఇసుక అడుక్కి దిగుతుంది, సన్న పొడి పైకి తేలుతుంది, పైన బలం లేని తెల్లటి పొర కడుతుంది. ఆ హాలు మొత్తం గీకి నా డబ్బుతోనే మళ్లీ పోశాను. తప్పు అతనిది కాదు, తలూపిన నాది.

25 కిలోల బస్తాకి నేను వాడే రకంలో 5.5 లీటర్లు. మీ బస్తా మీద ఎంత రాసి ఉంటే అంత. అరలీటరు అంటే కొద్దిగా అనిపిస్తుంది, లెక్క చూస్తే 9 శాతం. అందుకే ఇప్పుడు జగ్గు లేదు, అందాజా లేదు. కొలత పాత్ర మీద మార్కర్ గీత, నీళ్లు కొలిచే పని ఒక్కరిదే.

తాగడానికి పనికొచ్చే నీళ్లే వాడండి. మంజీరా నల్లా వస్తే మంచిది. బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు ఉప్పగా ఉంటే నేను ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు మూడు తెప్పిస్తాను. ఎనిమిది బస్తాలకి 44 లీటర్లే కదా. ఎండాకాలం మేడ మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి స్నానానికి కూడా పనికిరానంత వేడెక్కుతాయి, వాటితో కలిపితే సరుకు బకెట్లోనే బిగుస్తుంది. క్యాన్లు ముందు రోజు రాత్రే తెచ్చి లోపలి గదిలో నీడన పెట్టాలి, బస్తాలు కూడా. హైదరాబాద్ ఏప్రిల్, మే నెలల్లో నేను ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికి సర్దేస్తాను. నేల 35 డిగ్రీలు దాటితే పోయను.

మొదటి బస్తా కలిపాక ఒక చిన్న పరీక్ష ఉంది. లోపలి కొలత 30 మి.మీ., ఎత్తు 50 మి.మీ. ఉండే పైపు ముక్క ఒకటి కోయించి పెట్టుకోండి. దాన్ని అద్దం ముక్క మీద నిలబెట్టి, నిండా సరుకు పోసి, నిటారుగా పైకి తీయండి. సరుకు గుండ్రంగా పరుచుకుంటుంది. ఆగిపోయాక స్కేలుతో కొలవండి. నా సరుకు 14 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది, మీది డేటాషీట్‌లో ఉంటుంది. చుట్టూ అంచున నీళ్ల గీత కనిపించినా, మధ్యలో ఇసుక కుప్పగా మిగిలినా నీళ్లు ఎక్కువైనట్టే. బకెట్లో చూస్తే గరిటె జారుగా ఉండాలి, దోసె పిండి కంటే పల్చన, మజ్జిగ కంటే చిక్కన.

పోయడం

ఫ్యాన్లు ఆపేయండి, ఏసీ ఆపేయండి, కిటికీలు మూసేయండి. బాల్కనీ అద్దంలోంచి ఎండ పడే చోట పాత దుప్పటి కట్టండి. ఎండ పడిన మేర మాత్రమే పగుళ్లు వచ్చిన నేల నేను చూశాను, అచ్చం కిటికీ ఆకారంలో. కరెంటు సంగతి వాచ్‌మన్‌ని అడగండి. మధ్యలో పోతే మిక్సర్ ఇన్వర్టర్ మీద నడవదు.

బకెట్లో ముందు నీళ్లు, తర్వాత పొడి, మెల్లగా. తిరగేసి చేస్తే అడుగున పొడి ఉండలు మిగులుతాయి. నిమిషానికి 600 చుట్లు తిరిగే మిక్సర్‌తో రెండు నిమిషాలు. తెడ్డు సరుకులోనే ఉండాలి, పైకి కిందికి ఎత్తితే గాలి కలుస్తుంది. రెండు నిమిషాలు ఆగి ఇంకో అరనిమిషం. ఒకసారి బిగియడం మొదలైన సరుకులో మళ్లీ నీళ్లు పోసి తిప్పడం ఉండదు, అది పారేయాల్సిందే.

మనుషుల్ని ఇలా నిలబెడతాను. ఇద్దరు చెరో బకెట్ కలుపుతారు, ఒకరు మోసి పోస్తారు, ఒకరు సరుకుని ఒకే మందంలో లాగి పరిచే రేక్ పడతారు. ముళ్ల రోలర్ నాది. దూరపు గోడ దగ్గర మొదలుపెట్టి గుమ్మం వైపు వస్తూ పట్టీలుగా పోయాలి. ముందు పట్టీ అంచు తడిగా ఉండగానే తర్వాతి పట్టీ దాన్ని కలవాలి. పది నిమిషాలు ఆలస్యమైతే ఆ కలిసిన చోట గీత నిలిచిపోతుంది. అందుకే హాలు, బెడ్‌రూమ్ విడివిడిగా పోశాం, మధ్య గుమ్మం దగ్గర ఫోమ్ అడ్డు పెట్టి. రేక్ కాళ్లు 4 మి.మీ.కి బిగించి లాగాలి. వాలు నేలలో సరుకు కొంచెం పల్లానికి జారుతుంది, దాన్ని వెనక్కి లాగుతూ ఉండాలి. ఆ హాల్లో చివరికి పైవైపు 3, బాల్కనీ వైపు 5 వచ్చింది, నాకు చాలు.

వెంటనే ముళ్ల రోలర్, గాలి బుడగలు పోయేదాకా. పోసిన పది నిమిషాల తర్వాత రోలర్ ముట్టుకోవద్దు, ముళ్ల గుర్తులు అలాగే ఉండిపోతాయి. తడి పూత మీద అడుగు పెట్టాలంటే ముళ్ల చెప్పులు వేసుకునే. తాపీతో సాఫు చేయాలని చేతులు దురద పెడతాయి, ముఖ్యంగా పాత మేస్త్రులకి. తాపీ తీసుకుని దాచేయండి.

పోశాక

నీళ్లు కట్టకండి. సిమెంటు అనగానే క్యూరింగ్ గుర్తొస్తుంది మనకి. నల్లకుంటలో ఒక ఇంట్లో పోసిన మర్నాడు పొద్దున ఇంటి పెద్దావిడ ప్రేమగా నాలుగు బకెట్ల నీళ్లు కట్టేశారు, "రాత్రంతా ఎండిపోయింది తల్లీ" అని. మచ్చలు పడ్డాయి, వినైల్ పని వారం వెనక్కి పోయింది. దీనికి కావాల్సిన నీళ్లు బస్తాతోపాటు కలిపేశాం, పాలిమర్ పొర ఏర్పడాలంటే ఆరాలి. మెల్లగా ఆరాలి, అంతే. మొదటి రోజంతా ఫ్యాన్లు, ఎండ లేకుండా చూసుకుంటే చాలు.

నాలుగు గంటలకి నడవొచ్చు, చెప్పులు విప్పి. మర్నాడు మూడు పరీక్షలు. బద్ద పెట్టి చూడటం, రెండు మీటర్లలో 3 మి.మీ. సందు దాటకూడదు. సుత్తితో తట్టడం. మేకుతో గీయడం, సన్న గీత పడితే సరే, గాడి పడి సుద్ద రాలితే మణికొండ కథే. బర్కత్‌పురాలో ఒక మూల రెండు బుడగ గుంతలు తప్ప ఏమీ రాలేదు, వాటిని అదే పొడితో పూడ్చి గరుకు కాగితంతో రుద్దేశాం. వినైల్ వేసే ముందు మళ్లీ ప్లాస్టిక్ షీటు అంటించి ఒక రాత్రి చూశాం. వానాకాలమైతే ఇంకో రెండు రోజులు ఆగమనేదాన్ని.

మిక్సర్ తెడ్డు, రేక్, రోలర్ వెంటనే బకెట్ నీళ్లలో ముంచి కడగాలి, గంట ఆగితే ఉలి కావాలి. ఆ కడిగిన నీళ్లు, మిగిలిన సరుకు బాత్‌రూమ్ నీళ్లు పోయే నహాని ట్రాప్‌లో పోయకండి, పైపులో కూడా అది చక్కగా చదునుగా గట్టిపడుతుంది. బకెట్లోనే వదిలేయండి. మర్నాడు తిరగేసి వెనక నుంచి ఒక్కటి కొడితే ఇడ్లీలా ఊడి వస్తుంది.